ర్యాక్ మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర: అనంతపురం కొనుగోలుదారులకు హెచ్చరిక

నెల మొదటి వారంలో అనంతపురంలోని పెద్ద సూపర్ మార్కెట్లకు సరుకుల కోసం వెళ్ళే కుటుంబాలన్నీ దీన్ని చదవాలని కోరుతున్నాను. నేను బీకాం విద్యార్థిని. మన రాష్ట్రంలో డిగ్రీ వాళ్ళకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కాబట్టి, నిరుడు ఒక సెమిస్టరంతా ఇక్కడి ఒక పెద్ద రిటైల్ దుకాణంలో పనిచేశాను. దాని పేరు రాయడం లేదు. పేరు కన్నా అక్కడ ధరలు మారే తీరు తెలుసుకోవడమే మీకు ఎక్కువ ఉపయోగం. ర్యాక్ అంచున పెట్టిన ట్యాగులో ఉన్న ధరే బిల్లులోనూ పడుతుందని నమ్మి, చూసుకోకుండా డబ్బు కట్టకండి.

చేరేటప్పుడు కొనుగోళ్ళు, స్టాకు లెక్కలు, బిల్లింగ్ అన్నీ నేర్పుతామన్నారు. రెండు రోజులు గడిచాక నాకూ, నాతోపాటు చేరిన మరో విద్యార్థికీ ట్యాగులు మార్చే పని అప్పగించారు. చివరి రోజు వరకూ మేము చేసింది అదే. ధరలు ఆ దుకాణంలో నిర్ణయించేవి కావు. ప్రధాన కార్యాలయంలో మారిస్తే ఆ రాత్రికే ఇక్కడి కంప్యూటర్లలోకి వచ్చేస్తాయి. కాగితపు ట్యాగు మాత్రం ఎవరో ఒకరు చేత్తో తీసి, కొత్తది ముద్రించి పెట్టేదాకా పాతదే ఉంటుంది. వారాంతపు ఆఫర్ ఆదివారం రాత్రితో ముగిసేది. సోమవారం పొద్దున తలుపులు తెరిచేసరికి మార్చవలసిన ట్యాగులు మూడు నాలుగు వందలు ఉండేవి, మార్చేవాళ్ళం ఇద్దరమే. ఆ పని ముగిసేసరికి సాయంత్రమయ్యేది, కొన్ని వారాలు మంగళవారానికీ మిగిలేది. ఆలోపు వచ్చినవాళ్ళు నిన్నటి ధర చూసి సరుకు తీసుకుని, ఇవాళ్టి ధర కట్టి వెళ్ళేవారు. ఆఫర్ మొదలయ్యే రోజున మాత్రం కొత్త ట్యాగులు తలుపులు తెరవకముందే పెట్టాలని సూపర్‌వైజర్ దగ్గరుండి చూసేవారు. ముగిసిన ఆఫర్ల ట్యాగులు తీయించడంలో ఆ పట్టుదల నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు. కావాలని చేశారని నేను అనలేను, అందుకు నా దగ్గర ఆధారం లేదు. అయితే సోమవారాల్లో నష్టపోయినవాళ్ళంతా కొనేవాళ్ళే.

ఒక సోమవారం శింగనమల వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఐదు నూనె ప్యాకెట్లు తీసుకుంది. ట్యాగు మీద 139 రూపాయలుంది, బిల్లులో 158 పడింది. ఐదింటికి 95 రూపాయలు తేడా. చదువు రాకపోయినా అంకెలు తెలిసిన మనిషి కాబట్టి పట్టుకుంది. "ఏం నాయనా, ఆడ ఒకటి రాసి ఈడ ఇంకోటి కొడితిరే" అని అడిగితే, కౌంటర్‌లో ఉన్నతను ప్యాకెట్ తిప్పి ఎమ్మార్పీ 175 చూపించి, "దీనికన్నా తక్కువకే ఇచ్చాం కదవ్వా" అన్నాడు. వెనుక వరుసలో ఉన్నవాళ్ళు తొందరపెడుతున్నారు. ఆమె ఇంకేమీ అనకుండా డబ్బు కట్టి వెళ్ళిపోయింది. ఆ పాత ట్యాగు నేను తీయవలసిన వరుసలోదే. అప్పుడు ముందుకు వచ్చి ఆ మాట చెప్పలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, ఇది రాయడానికి అదే కారణం.

ఆ కౌంటర్ అతను చెప్పిన జవాబును జాగ్రత్తగా గమనించండి. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు మాత్రమే. మనల్ని ఆ ర్యాక్ దగ్గర ఆపి, నాలుగు ప్యాకెట్లు ఎక్కువ తీసుకునేలా చేసింది ట్యాగు మీది ధర. ఇదే కారణంగా బిల్లు చివర పెద్ద అక్షరాలతో ఉండే "మీరు ఆదా చేసినది" అన్న అంకెనూ చూసి తృప్తిపడకండి. నేను చూసిన బిల్లుల్లో ఆ లెక్క ఎమ్మార్పీ నుంచి కట్టినదే తప్ప ట్యాగు ధర నుంచి కట్టినది కాదు. 95 రూపాయలు నష్టపోయిన అవ్వ బిల్లులో కూడా 85 రూపాయలు ఆదా అయినట్టే ఉంటుంది.

ఇంకొక పొరపాటు ఎమ్మార్పీ హద్దునే దాటిస్తుంది. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఒకే సబ్బు పాత ధరతోనూ కొత్త ధరతోనూ పక్కపక్కనే ఉండేది. అలాంటి సరుకును స్కాన్ చేస్తే తెర మీద రెండు ఎమ్మార్పీలు కనిపిస్తాయి. చేతిలో ఉన్న ప్యాకెట్ ఏదో చూసి కౌంటర్ మనిషి ఎంచుకోవాలి. రద్దీలో చూడకుండా మొదటిది నొక్కేయడం నేను చాలాసార్లు చూశాను. పన్ను మారినప్పుడే కాదు, కంపెనీ ధర మార్చిన ప్రతిసారీ ఇలా జరగవచ్చు. ప్యాకెట్ మీద ముద్రించినదానికి మించి వసూలు చేయడం 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలకు విరుద్ధం. పొరపాటున పడిందన్న మాటతో సరిపెట్టుకోవలసిన పని లేదు.

అందుకని ఆఫర్ చూసి తీసుకున్న సరుకు ఏదైనా, ట్యాగునూ ప్యాకెట్‌నూ కలిపి ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. ట్యాగు కింద చిన్న అక్షరాలతో ఆఫర్ ముగిసే తేదీ, ప్యాకెట్ బరువు ఉంటాయి, అవి కూడా ఫొటోలో పడాలి. ఒక్కో సరుకూ స్కాన్ అవుతుండగా తెర వైపే చూడండి. తేడా కనిపిస్తే డబ్బు కట్టకముందే ఆపండి, కట్టాక సరిచేయించడం చాలా కష్టం. మా దగ్గర పడిన బిల్లును రద్దు చేయడానికి సూపర్‌వైజర్ రావాలి, ఆయన వచ్చేలోగా సగం మంది విసుగుపడి వెళ్ళిపోయేవారు. బిల్లు కాగితం మీది అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి కాబట్టి ఇంటికి రాగానే దాన్ని కూడా ఫొటో తీయండి.

దుకాణంలో వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఎమ్మార్పీ మించినా, తూకం తగ్గినా తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. ధర విషయంలో కొనేవారిని తప్పుదారి పట్టించడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చూస్తుంది. కొన్న సరుకు విలువ 5 లక్షల రూపాయలు దాటనంతవరకు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు, న్యాయవాది కూడా అవసరం లేదు, రెండేళ్ళ గడువుంటుంది. 95 రూపాయల కోసం ఎవరు తిరుగుతారని మీరు అనుకోవచ్చు. సోమవారాల్లో ఆ కౌంటర్ల ముందు నిలబడేవాళ్ళలో చాలామందికి ఆ డబ్బు ఒక పూట కూలిలో భాగం.

ఇంటర్న్‌షిప్ ముగిసిన రోజున, ఆఫర్ ముగిసిన ట్యాగులను రాత్రి దుకాణం మూసేముందే తీసివేయాలని ఒక పేజీ రాసి మేనేజర్‌కు ఇచ్చాను. ఆయన చదివి సొరుగులో పెట్టుకున్నారు. పోయిన సోమవారం మా అమ్మతో కలిసి అదే దుకాణానికి వెళితే కందిపప్పు దగ్గర ఆదివారం నాటి ట్యాగే ఉంది. ఫొటో చూపించి అడిగితే, పది నిమిషాలు నిలబెట్టాక, రెండు కిలోలకు 24 రూపాయలు తగ్గించి బిల్లు వేశారు. మా వెనుక ఉన్న ఆమె బుట్టలోనూ అదే పప్పు ఉంది. మేము చెప్పాక ఆమె కూడా అడిగి తగ్గించుకుంది.