మా ఫైర్‌ప్లేస్‌కి కడప బండ: కొన్ని చలికాలాల వాడకం తర్వాత

మంట ఆరిపోయాక కూడా కడప బండ వెచ్చగా ఉంటుంది. నాకు ఆ రాయి మీద ఉన్న ఇష్టమంతా ఈ ఒక్క గుణం వల్లే. భోజనాలయ్యాక కట్టెలు వేయడం ఆపేస్తాం. పడుకోబోయే ముందు పక్క పలక మీద చెయ్యి ఆనిస్తే ఇంకా వేడి తగులుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్య డిసెంబరు, జనవరి నెలల్లో తన కుర్చీ అక్కణ్ణుంచి కదపనివ్వరు. ఈ రాయిలో లోపాలున్నాయి, అవీ రాస్తాను. కానీ ఆ వెచ్చదనం ముందు వాటన్నిటినీ భరించవచ్చనే నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

మేముండేది బెంగళూరు కుక్ టౌన్‌లో, ఒక పాత బంగళా సగభాగంలో. ముందు వసారాకి మంకీ టాప్ అనే పాతకాలపు చెక్క జాలీ చూరు, లోపల రెడ్ ఆక్సైడ్ గచ్చు, హాల్లో ఇటుక ఫైర్‌ప్లేస్, పైకప్పు దాటి వెళ్ళే అసలైన పొగగొట్టం. బెంగళూరులో చలిమంట ఏమిటని మా విజయవాడ చుట్టాలు అడుగుతుంటారు. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. 1884 జనవరి 13న ఇక్కడ 7.8 డిగ్రీలు నమోదైంది. ఇప్పుడు అంత చలి లేదు గానీ, ఎత్తు కప్పుల పాత ఇళ్ళలో జనవరి రాత్రుళ్ళు శాలువా లేకుండా కూర్చోలేం.

ఇప్పుడున్న కడప బండకి ముందు అదే చోట తెల్లటి ఇంజినీర్డ్ క్వార్ట్జ్ పలకలు ఉండేవి. ఇల్లు బాగుచేయించినప్పుడు ఇంటీరియర్ పని చేసిన సంస్థ ప్యాకేజీలో భాగంగా వేసింది. వేడికి ఏమీ కాదని, పొయ్యి మీంచి దింపిన గిన్నె పెట్టినా మచ్చ పడదని వాళ్ళ మనిషి మచ్చుపలక చూపించి మరీ చెప్పాడు. అది చాలా అందంగా ఉండేదన్న మాట నిజం. ఆ తెలుపు మీద మంట వెలుగు పడితే హాలంతా వెలిగేది. మొదటి చలికాలం వచ్చినవాళ్ళందరికీ చూపించాను.

రెండో చలికాలానికి ఫైర్‌ప్లేస్ నోటి పైనున్న అడ్డపలక రంగు మారడం మొదలైంది. ముందు మీగడ రంగు, తర్వాత పాత వార్తాపత్రిక రంగు. పక్క పలకలు తెల్లగానే ఉండడంతో ఆ తేడా గది అవతలినుంచే కనిపించేది. సబ్బునీళ్ళు, వంటసోడా, వాళ్ళే పంపిన క్లీనర్, దేనికీ పోలేదు. రంగు రాయిలోనే మారితే పైన తుడిచి లాభమేముంది? ఒక రాత్రి మంట బాగా మండుతుండగా టప్‌మని శబ్దం వచ్చింది. కట్టె చిట్లిందనుకున్నాం. పొద్దున చూస్తే అడ్డపలక కుడిమూల నుంచి ఏటవాలుగా సన్నటి పగులు, గోరు పట్టేంత. ఆ సంస్థకి ఫోన్ చేస్తే మీరు మంట ఎక్కువ వేస్తున్నారన్నారు. కట్టెలు మానేసి ఎలక్ట్రిక్ హీటర్ యూనిట్ పెట్టించుకోండి, అది కూడా మేమే అమ్ముతామన్నారు. ఫైర్‌ప్లేస్ చుట్టూ వేసే రాయి గురించి నేను అడుగుతుంటే వాళ్ళిచ్చిన ఈ జవాబు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పలకలు ఊడదీసింది మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక మేస్త్రి. ఊడదీశాక కారణం కళ్ళముందు కనిపించింది. పలకని టైల్ అంటించే గమ్‌తో ఇటుక మీద పూర్తిగా అతికించేశారు. లోపల మంటని తట్టుకునే ఫైర్ బ్రిక్‌కీ పలక అంచుకీ మధ్య సిమెంటు బిగించి కూరారు. వేడికి ఇటుక ఒక లెక్కన పెరుగుతుంది, పలక ఇంకో లెక్కన పెరుగుతుంది. రెండింటికీ కదిలే చోటు లేకపోతే బలహీనమైనది పగులుతుంది. ఇక ఇంజినీర్డ్ క్వార్ట్జ్ సంగతి: అందులో తొంభై శాతం పైచిలుకు క్వార్ట్జ్ పొడే అయినా, దాన్ని పట్టి ఉంచేది పాలియెస్టర్ రెసిన్. అంటే ఒక రకం ప్లాస్టిక్. సుమారు 150 డిగ్రీలు దాటితే ఆ రెసిన్ చెడుతుంది. నోటి పైఅంచుకి మంట సెగ నేరుగా కొడుతుంది కాబట్టి అక్కడ మొదట రంగు మారింది. వంటింటి గట్టుకి ఇది మంచి వస్తువేనేమో, మంట పక్కన దీన్ని వేయమని ఎవరికీ చెప్పను.

ఆ తర్వాత రాయి కోసం జిగణి వెళ్ళాను. బన్నేరుఘట్ట దాటాక రోడ్డుకి రెండువైపులా రాతి యార్డులే. చీమకుర్తి నల్ల గ్రానైట్ బ్లాక్ గెలాక్సీ చూపించని దుకాణం లేదు. గొప్ప రాయి, వేడికీ నిమ్మకాయకీ దేనికీ చలించదు. అయితే అద్దంలాంటి ఆ మెరుపు మంట పక్కన నాకు నచ్చలేదు. వేలిముద్రలు, బూడిద పొర అన్నీ పట్టి చూపిస్తుంది. మక్రానా పాలరాయి అనుకున్నాను గానీ తెల్లరాయి మీద మసి చూసే ఓపిక అప్పటికే అయిపోయింది. దేవనహళ్ళి వైపు సాదరహళ్ళి గ్రానైట్‌ని ఉలితో గరుకుగా కొట్టించి వేస్తే ఈ బంగళా వయసుకి బాగా నప్పుతుంది. కానీ కూనూరులో స్నేహితుల ఇంట్లో అలాంటి లేతబూడిద రంగు గరుకు రాయినే చూశాను. పొగ వెనక్కి తన్నినప్పుడల్లా మసి రాతి గుంటల్లోకి దిగి, బ్రష్షుకి కూడా రాలేదు.

బలపం రాయి మీద మాత్రం మనసు చాలా పోయింది. బేలూరు, హళేబీడు గుళ్ళలో హొయసల శిల్పులు చెక్కింది ఈ జాతి మెత్తని రాతినే. వేడిని పట్టి ఉంచడంలో దీనికి పెట్టింది పేరు. ఫిన్లాండ్‌లో ఏకంగా పొయ్యిలే దీనితో కడతారు. నేను తిరిగిన యార్డుల్లో శిల్పాలకి పనికొచ్చే దిమ్మెలు దొరికాయి గానీ నాకు కావాల్సిన పొడవు పలకలు దొరకలేదు. పైగా గోటితో గీకితే గీత పడుతుంది, పిల్లలున్న ఇల్లు మాది.

చివరికి కడప బండ. మా అత్తయ్యది ప్రొద్దుటూరు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు ప్రతి ఇంట్లోనూ ఈ రాయి గట్టుగానో గడపగానో ఉంటుందని, దాన్ని ఫైర్‌ప్లేస్‌కి వేయడం వింతేమీ కాదని ఆవిడే తేల్చారు. గ్రానైట్‌తో పోలిస్తే చవక. ఆ చవకదనం వల్లే ఒకటిన్నర అంగుళాల మందం పలకలు తీసుకోగలిగాం. మామూలుగా దుకాణాల్లో గ్రానైట్ పలక అంగుళం లోపే ఉంటుంది. పాలిష్ వద్దని, గరుకు పోయేంతవరకే సానబట్టమని చెప్పాం. నల్లగా, మెరుపు లేకుండా, మసి పడినా కనిపించకుండా ఉంది.

పని మొదలయ్యాక మేస్త్రి మొదట పట్టుబట్టింది సందు గురించి. "మంట కాడ రాయిని బిగించి కట్టగూడదక్కా. ఏలు పట్టేంత సందు ఇడిసిపెట్టల్ల, లేకుంటే ఇది గూడా పగుల్తాది" అన్నాడు. ఫైర్ బ్రిక్‌కీ రాతికీ మధ్య ఆ సందు వదిలి, అందులో సిరామిక్ ఫైబర్ తాడు దూర్చాడు. కొలిమిల తలుపులకి వాడే తాడది, నిప్పుకి కాలదు. పలకల బరువు కింది అరుగు మోస్తుంది. వెనక అక్కడక్కడ సున్నం గార పెట్టి, స్టీలు కొక్కేలతో గోడకి పట్టించాడు. పూర్తయ్యాక కొన్ని వారాలు మంట వేయనివ్వలేదు. ఆ తర్వాత కూడా మొదట్లో చితుకులతో చిన్న మంటలే. గారలోనూ రాతిలోనూ ఉన్న తడి ఒక్కసారి ఆవిరైతే పొర లేచిపోతుందని ఆయన భయం, అందులో న్యాయముంది. ఆ పగుళ్ళ రాత్రి తర్వాత నాకు ఆ సందు మీద పెరిగిన గౌరవం ఏ రాతి మీదా లేదు. ఇన్ని చలికాలాలుగా ఒక్క పలక కూడా పగలలేదు.

ఇక వెచ్చదనం. దీన్ని నేను కోరి ఎంచుకోలేదు, రంగూ ధరా చూసి తీసుకుంటే అదనంగా దొరికింది. తెరిచిన ఫైర్‌ప్లేస్‌లో వేడి చాలావరకు పొగగొట్టంలోంచి పైకి పోతుంది. మంట ఉన్నంతసేపు ముఖానికి సెగ, వీపుకి చలి. అందుకే మంట ఆరాక గది వెంటనే చల్లబడుతుందని అలవాటు పడ్డాం. కడప బండ వేశాక అలా జరగలేదు. పలకలు నెమ్మదిగా కాగుతాయి, నెమ్మదిగా చల్లారతాయి. సరుగుడు కట్టెలు వేసిన రోజు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. వాటి నిప్పులు చాలాసేపు నిలుస్తాయి.

మొదటి ఏడాది ఈ ఘనతంతా కడప బండదేనని అందరికీ చెప్పాను. ఇప్పుడు కొంత సవరించి చెబుతాను. గ్రానైట్ కూడా అంతే మందంలో వేస్తే ఇంచుమించు అంతే వేడిని దాచుకుంటుంది. రాయి జాతి కన్నా మందం ముఖ్యం. అంతకన్నా ముఖ్యం, మా ఫైర్‌ప్లేస్ ఇంటి లోపలి గోడలో ఉంది. వెనక పాత ఇటుక కట్టడం చాలా లావు, అదీ కాగుతుంది, ఆ వేడి బయటికి పోకుండా రెండో గదిలోకి వస్తుంది. బయటి గోడకి ఫైర్‌ప్లేస్ ఉన్న ఇంట్లో ఇదే రాయి వేస్తే ఇంత సుఖం ఉండకపోవచ్చు.

లోపాలకి వస్తే, మొదటిది పులుపు. కడప బండ సున్నపురాయి జాతి. పాత వంటిళ్ళలో గట్టు మీద చింతపండు, నిమ్మరసం పడ్డచోట తెల్లగా వెలిసిపోవడం మనందరికీ తెలిసిందే. ఆయుధపూజ నాడు కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు ముందు అరుగు మీద పెడితే, మర్నాటికి రెండు తెల్లటి వలయాలు. సన్నటి వాటర్ పేపర్‌తో రుద్ది, అవిసెనూనె పలచగా రాస్తే చాలావరకు కలిసిపోయింది గానీ పక్కనుంచి చూస్తే జాడ తెలుస్తుంది. ఏడాదికోసారి నూనె రాయకపోతే నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది. రాసిన తర్వాత వేసే మొదటి మంటకి కాస్త వాసన కూడా వస్తుంది.

రెండోది పొరలు. ఇది పొరలుపొరలుగా ఏర్పడిన రాయి. ముందు అరుగు అంచున బరువైన కట్టె జారిపడి అరచేయంత పెచ్చు లేచిపోయింది. నిలువు పలకలకి ఆ బెడద లేదు, దెబ్బలు తగిలేది అరుగుకే.

చెక్క సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంటీరియర్ వాళ్ళు చూపించే బొమ్మల్లో టేకు చట్రం మంట నోటికి ఆనుకునే ఉంటుంది. అమెరికా ఇళ్ళ నిర్మాణ నియమావళి ప్రకారం నోటికి 6 అంగుళాల లోపు చెక్క ఉండకూడదు. 12 అంగుళాల లోపు ఉన్న చెక్క, దూరంలో ప్రతి అంగుళానికి అంగుళంలో ఎనిమిదో వంతుకి మించి ముందుకి పొడుచుకు రాకూడదు. ముందు అరుగు నోటినుంచి కనీసం 16 అంగుళాలు ముందుకి, చెరో పక్కా 8 అంగుళాలు ఉండాలి. నోరు 6 చదరపు అడుగులో, అంతకన్నా పెద్దదో అయితే 20, 12. ఏళ్ళ తరబడి సెగ తగిలిన చెక్క తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది కాబట్టి ఈ కొలతలు నేను తు.చ. తప్పకుండా పాటించాను. నోటి పైన గోడకి ఉన్న మా టేకు బల్ల (మాంటెల్) 12 అంగుళాలు దాటాకే మొదలవుతుంది. దాని మీద దసరా బొమ్మల కొలువు పెడతాం, అప్పుడు మంట ఉండదు. సంక్రాంతికి కొలువు పెట్టే ఇళ్ళవాళ్ళు మాత్రం ఏటికొప్పాక బొమ్మలు అక్కడ పెట్టకండి. వాటి మీదున్నది లక్క, సెగకి మెత్తబడుతుంది.

ఎవరికైనా ఇదే చెబుతానా అంటే, ఇంటిని బట్టి. లోపలి గోడలో ఫైర్‌ప్లేస్, కట్టెల మంట, నలుపంటే ఇష్టం, ఏడాదికోసారి నూనె రాసే ఓపిక, రాయి తెలిసిన మేస్త్రి ఉంటే కడప బండ మందంగా వేయించుకోండి. ఇల్లు చిన్నదై వెలుతురు తక్కువుంటే ఇంత నలుపు గదిని ఇంకా ఇరుకు చేస్తుంది. మాకు ఎత్తు కప్పు, పెద్ద కిటికీలు ఉన్నాయి కాబట్టి చెల్లింది. గ్యాస్ మంట గానీ ఎలక్ట్రిక్ యూనిట్ గానీ పెట్టుకునేవాళ్ళకి లెక్కే వేరు, ఆ యంత్రం తయారీదారు రాసిచ్చిన దూరాలు చూసుకుని రాయి ఎంచుకోవాలి. మా అరుగు అంచుకి మాత్రం వచ్చే దీపావళిలోపు సాదరహళ్ళి గ్రానైట్ పట్టీ వేయిస్తున్నాం. పక్క పలకలు, అడ్డపలక అలాగే ఉంటాయి. మేస్త్రికి కబురు పెట్టాను, కొలతలకి ఆదివారం వస్తానన్నాడు.