96 కిలోహెర్ట్జ్‌లో తీసిన రికార్డింగ్ వినడానికి ఏది మేలు: విండోసా, మ్యాకా, లినక్సా?

వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊరు మా విజయనగరం. ఇక్కడ వయొలిన్ రికార్డు చేయాలంటే ఏదో అయిందనిపించడానికి మనసొప్పదు. మొన్న మా మాస్టారింట్లో ఆయన కల్యాణి ఆలాపన 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేశాం. అంటే శబ్దాన్ని సెకనుకు 96 వేలసార్లు కొలిచి, ఒక్కో కొలతనూ 24 బిట్లలో రాసుకోవడం. ఆ 96నే రేటు అంటాం. తర్వాత ఆయన విండోస్ ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ డాక్ (డిజిటల్ ఫైలును వినిపించే సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టె, DAC) తగిలించి వినిపించాను. వయొలిన్ బాగానే వినిపిస్తోంది. కానీ డాక్ మీదున్న బుల్లి తెరలో 48 అని కనబడుతోంది.

"96లో తీశాం కదా బాబూ, ఇక్కడ 48 చూపిస్తన్నాదేటి?" అన్నారు మాస్టారు.

అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఫైలు ప్లే అవడం వేరు, అది ఉన్నదున్నట్టుగా డాక్ దాకా చేరడం వేరు. శబ్దంలో ఏమీ పోకుండా సైజు కుదించే ఫ్లాక్ ఫైలును 2015లో వచ్చిన విండోస్ 10 నుంచీ విండోసే నేరుగా ప్లే చేస్తుంది. ఇప్పటి యూఎస్‌బీ డాక్‌లకు కావలసిన డ్రైవర్ కూడా 2017 అప్‌డేట్‌తో అందులోనే వచ్చేసింది. అంతకుముందు ఒక్కో డాక్‌కీ దాని కంపెనీ డ్రైవర్ వెతుక్కోవాల్సి వచ్చేది. చిక్కల్లా విండోస్‌లో శబ్దాలన్నింటినీ కలిపే మిక్సర్ దగ్గర ఉంది. మెసేజ్ వచ్చిన చప్పుడు, బ్రౌజర్‌లో వీడియో, మన వయొలిన్ అన్నీ కలిపి ఒకేసారి వినిపించాలి కాబట్టి, విండోస్ అన్నింటినీ ఒకే రేటుకు మార్చేస్తుంది. మాస్టారి ల్యాప్‌టాప్‌లో ఆ రేటు 48కి పెట్టి ఉంది.

సౌండ్ సెట్టింగ్స్‌లో ఆ రేటు 96కి మార్చుకోవచ్చు. కానీ అప్పుడు 44.1లో ఉండే సీడీ పాటలు కూడా 96కి మారిపోతాయి. దానికన్నా ఫూబార్2000 లాంటి ప్లేయర్ వేసుకుని, అవుట్‌పుట్‌లో డాక్ పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నదాన్ని ఎంచుకోవడం మంచిది. అప్పుడు మిక్సర్ పక్కకు తప్పుకుంటుంది. నేను అదే చేశాను. డాక్ లోపల టిక్‌మని చిన్న చప్పుడైంది, తెర మీద 48 పోయి 96 వచ్చింది. మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని మరీ చూశారు. పాట నడుస్తున్నంతసేపూ ఆ డాక్‌లో వేరే శబ్దాలు రావు, అదొక్కటే ఇబ్బంది. నా మటుకు నాకు అది సుఖమే.

మ్యాక్‌లో డాక్ తగిలించడం ఎప్పటినుంచో సులువు, డ్రైవర్ల గొడవ చాలా తక్కువ. ఆడియో మిడీ సెటప్ తెరిచి రేటు మనమే పెట్టుకోవాలి. మ్యూజిక్ యాప్ ఫ్లాక్‌ని తీసుకోదు కాబట్టి ఆపిల్ లాస్‌లెస్ అనే ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి. అలా మార్చినా శబ్దంలో ఒక్క బిట్ కూడా పోదు. ఇప్పటికే మ్యాక్ ఉన్నవాళ్లకు ఇది చాలు. దీనికోసమని కొత్తగా కొనమని మాత్రం నేను చెప్పను.

ఇంట్లో పాత కంప్యూటర్ మూలన పడి ఉంటే నా ఓటు లినక్స్‌కే. కొత్త డిస్ట్రోలలో (లినక్స్ రకాల్లో) శబ్దం సంగతి పైప్‌వైర్ అనే ప్రోగ్రాం చూసుకుంటుంది. అదీ మామూలుగా అన్నింటినీ 48కే మారుస్తుంది. కానీ దాని కాన్ఫిగ్ ఫైలులో అనుమతించే రేట్ల వరుస ఒకటుంటుంది. అందులో 44.1, 48, 88.2, 96 రాసిపెడితే, వేరే శబ్దమేదీ నడవనప్పుడు పాటను బట్టి రేటు తనే మార్చుకుంటుంది. డాక్‌కి తెర లేకపోయినా ఫర్వాలేదు, ఎంత రేటులో వెళ్తోందో లినక్స్‌లో సౌండ్ పరికరాలను నడిపే అల్సా ఒక చిన్న ఫైలులో చూపిస్తుంది. నాకు లినక్స్ మీద నమ్మకం కుదిరింది అక్కడే. అయితే కాన్ఫిగ్ ఫైలు అనగానే టెన్షన్ పడేవాళ్లకు ఇది అంటగట్టకూడదు.

48కి, 96కి తేడా చెవికి తెలుస్తుందా? ఏది మోగుతోందో తెలియకుండా విని పరీక్ష పెట్టుకుంటే నేను చాలాసార్లు చెప్పలేకపోయాను. మనిషి చెవికి వినబడేది 20 కిలోహెర్ట్జ్ దాకానే, 48లో రికార్డు చేసినా 24 కిలోహెర్ట్జ్ దాకా పడుతుంది. అయినా మాస్టారి చేతి వాయిద్యం మేం తీసింది తీసినట్టే బయటికి రావాలని నా పట్టుదల.

మాస్టారికి విండోసే ఉంచేశాను, ఎక్స్‌క్లూజివ్ ఒక్కటీ పెట్టి. గంటసేపు రికార్డింగ్ కుదించకుండా దాచితే 2 జీబీ దాటుతుంది కాబట్టి ఫ్లాక్‌లో దాచమన్నాను. ఆయన దగ్గరున్న పాత కచేరీ క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి మాత్రం 96 అక్కర్లేదు, 24 బిట్, 48 చాలు.