పోర్టెడ్ సబ్‌వూఫర్ బాక్సు: కొన్నేళ్ల వాడకం తర్వాత

పన్నెండంగుళాల సబ్‌వూఫర్ (లోతైన బేస్ వినిపించే స్పీకరు) కోసం 56 లీటర్ల నికర ఘనపరిమాణం, 33 హెర్ట్జ్ ట్యూనింగ్‌తో (పోర్టులోని గాలి అన్నిటికన్నా బలంగా కంపించే ఫ్రీక్వెన్సీ) నేను రూపొందించుకున్న పోర్టెడ్ బాక్సు, అంటే గాలి రాకపోకలకు పోర్టు అనే దారి ఉన్న పెట్టె, కొన్నేళ్లుగా కారు డిక్కీలో ఉంది. ఇన్నాళ్ల వాడకంలో నాకు అర్థమైనంతవరకు, ఇలాంటి బాక్సు బాగోగులను అన్నిటికన్నా ఎక్కువగా తేల్చేది పోర్టు వైశాల్యమే.

లెక్క ప్రకారం ఈ బాక్సుకు 10 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టమైతే సుమారు 31 సెంటీమీటర్ల పొడవు చాలు. చోటు కలిసొస్తుంది గానీ, వాల్యూమ్ పెంచేకొద్దీ అంత ఇరుకు దారిలో గాలి వేగం పెరిగి బేస్‌తో పాటు ఊదుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఆ వేగం సెకనుకు 17 మీటర్లు దాటకుండా చూసుకోవడం మంచిదంటారు. వ్యాసాన్ని 15 సెంటీమీటర్లు చేస్తే దారి రెండింతలకు పైగా విశాలమవుతుంది, కానీ అదే ట్యూనింగ్ నిలవాలంటే పొడవు దాదాపు 76 సెంటీమీటర్లకు చేరి, ఆ గొట్టమే లోపల 13 లీటర్లకు పైగా మింగేస్తుంది. దీన్నీ, స్పీకరు వెనుక భాగం ఆక్రమించే చోటునూ కలుపుకొని బయటి కొలతలు వేసుకోకపోతే ఆ 56 లీటర్లు కాగితం మీదే మిగులుతాయి.

నేను ఆ 15 సెంటీమీటర్ల గొట్టానికి బదులు ఇంచుమించు అంతే వైశాల్యం వచ్చేలా 35 సెంటీమీటర్ల ఎత్తు, 5 సెంటీమీటర్ల వెడల్పుతో స్లాట్ పోర్టును (పలకలతో చేసిన సన్నని చీలికలాంటి దారి) పక్క గోడ వెంబడి ఎల్ ఆకారంలో మలిచాను. గోడను ఆనుకున్న స్లాటు తన కొలతకన్నా పొడవైనదానిలా పనిచేసి ట్యూనింగ్‌ను కాస్త కిందికి దించుతుంది కాబట్టి, చివరి పలకకు జిగురు పెట్టకముందే స్క్రూలతో గాలి పోకుండా బిగించి, ఒక్కొక్క హెర్ట్జ్ తగ్గిస్తూ టోన్లు వినిపించి చూశాను. 40 హెర్ట్జ్ దగ్గర స్పష్టంగా కొట్టుకునే కోన్ (స్పీకరులో ముందుకూ వెనక్కూ కదిలే భాగం), ట్యూనింగ్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు నిలిచిపోతుంది. పోర్టు నోటి దగ్గర పట్టుకున్న కాగితం మాత్రం అప్పుడే గట్టిగా రెపరెపలాడుతుంది.

ట్యూనింగ్‌కు కింద కోన్‌కు గాలి ఆసరా ఉండదు గనుక యాంప్‌లో మరీ తక్కువ ఫ్రీక్వెన్సీలను అడ్డుకునే సబ్‌సోనిక్ ఫిల్టర్‌ను 28 హెర్ట్జ్ దగ్గర పెట్టాను, దాన్ని ఎప్పుడూ తీయలేదు. సాగే బేస్ స్వరాల్లో ఈ బాక్సు ఇచ్చే నిండుదనం నాకు పోర్టు లేకుండా పూర్తిగా మూసిన సీల్డ్ బాక్సులో దొరకలేదు, అయితే కిక్ డ్రమ్ దెబ్బ తెగినట్టు వినిపించాలంటే నా చెవికి సీల్డే మేలు. డిక్కీలో చోటు తక్కువైతే పోర్టును కుదించడంకన్నా సీల్డ్ బాక్సు కట్టుకోవడమే నయం.

18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన) పలకల అతుకులు, లోపల సిలికాన్ పూసినందువల్ల కావచ్చు, ఇప్పటికీ గాలి వదలడం లేదు. స్పీకరును విప్పి బిగించిన ప్రతిసారీ ఎండీఎఫ్‌లో స్క్రూ రంధ్రాలు వదులవుతాయి కాబట్టి, కొత్తగా కట్టుకునేవారు మొదటే టీ-నట్లు (పలకలో దిగి బోల్టును పట్టి ఉంచే లోహపు నట్లు) వాడుకోవాలి.