ఒకే రంగు గుర్తులతో రెండేళ్లు

కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర మాకు మందుల దుకాణం ఉంది. ఫోనులోని యాప్ గుర్తులన్నీ వాల్‌పేపర్ రంగులోకి మారే సదుపాయాన్ని రెండేళ్ల క్రితం నేనే కోరి పెట్టుకున్నాను. గండికోట లోయ ఫొటో ఉండేది కాబట్టి అన్నీ ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. చూడముచ్చటగానే ఉంది, ఓ వారం.

మధ్యాహ్నం గల్లాపెట్టె దగ్గర కూర్చునే నాన్న నా ఫోను అందుకుని, “వీటిలో వాట్సాప్ ఏదిరా?” అన్నారు. ఆయన లెక్కలో వాట్సాప్ అంటే ఆకుపచ్చ. నేనేమీ తక్కువ తినలేదు. రద్దీ వేళ డబ్బు పడిందో లేదో చూడబోయి వాతావరణం యాప్ తెరిచాను. ఎదురుగా మనిషి నిలబడి ఉన్నాడు, నాకేమో ఎండ 41 డిగ్రీలని కనిపిస్తోంది.

నిజానికి ఈ చిక్కు మా వృత్తిలో పాతదే. మాత్రల స్ట్రిప్పులను వెనక్కి తిప్పితే చాలావరకు వెండిరంగు రేకులే. పేరు చదవనిదే ఇవ్వకూడదు. కొనేవాళ్లు మాత్రం “ఆ గులాబీ రంగు మాత్ర” అనే అడుగుతారు.

అలాగని యాప్‌లన్నీ ఒకే పోలికలో ఉండటం తప్పనను. 2014లో గూగుల్ మెటీరియల్ డిజైన్ పేరుతో యాప్‌ల రూపురేఖలకు ఉమ్మడి సూచనలు తెచ్చాక వెనక్కి వెళ్లే బాణం, వెతికే భూతద్దం ఎక్కడుంటాయో చాలా యాప్‌లలో తడుముకోనక్కర్లేకపోయింది. వేలు పడే చోటు కనీసం 48 డీపీ (తెర మీది కొలత), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలన్నది అందులోని సూచన. నాన్న బొటనవేలికి అదే వరం. స్టాకు యాప్ మార్చినప్పుడు ఆయన అరగంటలో అలవాటు పడ్డారంటే కారణం ఈ పోలికే. లోపల పోలిక ఉండాలి, గుమ్మం మీద వద్దు. 2021లో ఆండ్రాయిడ్ 12తో వాల్‌పేపర్ రంగులు యాప్‌ల లోపలికి వచ్చాయి, అది బాగుంది. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 13 ఇతర సంస్థల యాప్ గుర్తులకూ ఆ రంగు పూసే వీలు ఇచ్చింది. నాకు పడనిది అదే. ఐదుకు రెండు ఇస్తాను.

తెలుగులో పెట్టుకుంటే ఇంకో తిప్పలు. బటన్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలన్న పట్టుదలతో మా బిల్లుల యాప్‌లో వత్తులు తెగిపోతున్నాయి. “చేర్చు” అన్నది “చేరు” అయింది.

పోయిన నెల గుర్తులకు వాటి రంగులు తిరిగి ఇచ్చేశాను. నాన్న అడగడం మానేశారు. బిల్లుల యాప్ వాళ్లకు రెండుసార్లు రాశాను, అది ఇంకా “చేరు” దగ్గరే ఉంది.