ఎల్‌ఎస్‌డీ ఉన్న బండికి ఏ గేర్ ఆయిల్ మేలు?

మలుపుల్లో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే గేర్ల అమరికే డిఫరెన్షియల్. ఒక చక్రం పట్టు తప్పి ఊరికే తిరిగిపోకుండా చూసే రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఎల్‌ఎస్‌డీ. అది వెనక యాక్సిల్‌లో ఉన్న బండికి ఆయిల్ మార్చే సమయం వస్తే దుకాణంలో నాలుగు దారులు కనిపిస్తాయి. మామూలు 80డబ్ల్యూ-90 మినరల్ గేర్ ఆయిల్ మొదటిది. అదే ఆయిల్‌లో ఘర్షణ తగ్గించే ఫ్రిక్షన్ మాడిఫయర్‌ను చిన్న సీసాగా కొని కలుపుకోవడం రెండోది. తయారీలోనే ఆ మాడిఫయర్ కలిపి, డబ్బా మీద ‘ఎల్‌ఎస్’ అని ముద్రించి అమ్మేది మూడోది. బాగా ఖరీదైన సింథటిక్ 75డబ్ల్యూ-90 లేదా 75డబ్ల్యూ-140 నాలుగోది. ఎల్‌ఎస్‌డీ అనగానే మూడోదో నాలుగోదో పోయించుకోవాలన్న సలహా విరివిగా వినిపిస్తుంది. ఆ సలహాను నేను ఒప్పుకోను. ఆ పేరుతో పిలిచే డిఫరెన్షియళ్లు లోపల ఒకదానితో ఒకటి పోలికే లేని యంత్రాలు. ఒకదానికి మేలు చేసిన ఆయిల్ మరొకదాని పని చెడగొడుతుంది. కాబట్టి డబ్బాల మధ్య ఎంపిక తరవాతి మాట, లోపల ఏముందో ముందు తెలియాలి.

గేర్ ఆయిల్ ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పే స్థాయిలు జీఎల్-4, జీఎల్-5. వాటి తగువును ముందే తేల్చేద్దాం. వెనక యాక్సిల్‌లోని క్రౌన్ వీల్, పినియన్ అనే గేర్లు హైపాయిడ్ రకానివి. వాటి పళ్లు దొర్లడంతో పాటు ఒకదానిమీద ఒకటి గట్టిగా జారుతాయి. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర చిరిగిపోకుండా గంధకం, భాస్వరం కలిసిన అడిటివ్‌లు కావాలి. జీఎల్-5లో అవి జీఎల్-4లో కంటే దాదాపు రెట్టింపు ఉంటాయి. డిఫరెన్షియల్‌కు జీఎల్-5 తప్పనిసరి. ఆ డబ్బాలో మిగిలినది గేర్‌బాక్స్‌లో పోయించడం మాత్రం వద్దు. గేర్లు సాఫీగా పడేలా చేసే అక్కడి ఇత్తడి సింక్రో రింగులను ఆ గంధకం తినేసే ప్రమాదం ఉంది.

ఇక మొదటి రకం ప్లేట్ల ఎల్‌ఎస్‌డీ. 1935లో జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే రేసు కార్ల చక్రాలు ఊరికే తిరిగిపోకుండా జెడ్‌ఎఫ్ సంస్థ చేత పరిమితంగా జారే డిఫరెన్షియల్ చేయించాడు. 1956లో అమెరికాలో ప్యాకార్డ్ కార్ల కంపెనీ ఎల్‌ఎస్‌డీని మామూలు కార్లలోకి తెచ్చింది. ఫోర్డ్ మస్టాంగ్‌లలో దశాబ్దాలపాటు వచ్చిన ట్రాక్షన్-లాక్ ప్లేట్ల రకమే. ఇందులో క్లచ్ ప్లేట్ల దొంతర ఒకటి స్ప్రింగ్ ఒత్తిడితో బిగిసి ఉంటుంది. ఒక చక్రం పట్టు తప్పి వేగంగా తిరగబోతే ఈ ప్లేట్లు దాన్ని అడ్డుకుని రెండో చక్రానికి శక్తి పంపుతాయి. చిక్కల్లా మలుపుల్లో వస్తుంది. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలినప్పుడు ప్లేట్లు ఒకదానిమీద ఒకటి జారక తప్పదు. నిండు బీరువాను నేలమీద నెట్టేటప్పుడు మొదటి కదలికకే ఎక్కువ బలం కావాలి, కదిలాక తేలికవుతుంది. ప్లేట్లలోనూ నిలకడ ఘర్షణ జారుడు ఘర్షణ కంటే ఎక్కువైతే అవి అంటుకోవడం, విడిపోవడం, మళ్లీ అంటుకోవడం క్షణానికి ఎన్నోసార్లు జరుగుతుంది. వెనక నుంచి వచ్చే గడగడ శబ్దం, వణుకు అదే. ఫ్రిక్షన్ మాడిఫయర్ ఆ నిలకడ ఘర్షణను తగ్గించి ప్లేట్లు సాఫీగా జారేలా చేస్తుంది.

ఈ మాడిఫయర్‌కు ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు అమెరికాలో ఈ పనికి స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల ఆయిల్‌లోనూ అదే ఉండేది. 1970ల మొదట్లో అక్కడ ఆ నూనెపై నిషేధం వచ్చాక రసాయన పరిశ్రమ ప్రత్యామ్నాయాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ వేట ఆగినందుకు సంతోషం. ఇవాళ్టి సీసాల్లో ఉండేవి ఆ తరవాత పుట్టిన రసాయనాలు.

ప్లేట్ల డిఫరెన్షియల్‌కు మాడిఫయర్ కావాలని తేలింది కదా, సీసా కొని కలుపుకోవడం మేలా, కలిపి వచ్చేది కొనడం మేలా? రోడ్డుమీద మామూలుగా నడిచే బండికి నా ఓటు కలిపి వచ్చేదానికే. మాడిఫయర్ తక్కువైతే గడగడ పోదు. ఎక్కువైతే అంతకన్నా చెడు జరుగుతుంది: ప్లేట్లు ఊరికే జారిపోతాయి, డబ్బు పెట్టి కొన్న ఎల్‌ఎస్‌డీ మామూలు డిఫరెన్షియల్‌లా ప్రవర్తిస్తుంది. శబ్దం రాదు కాబట్టి ఈ రెండో తప్పు బురదలో ఇరుక్కునే దాకా బయటపడదు. కలిపి వచ్చే ఆయిల్‌లో పాళ్లు ముందే సరిచూసి ఉంటాయి. మోటుల్ గేర్ 300 ఎల్‌ఎస్, మొబిల్‌లూబ్ ఎల్‌ఎస్ లాంటివి ఈ కోవలోవి. అయితే ఒక జాగ్రత్త. ‘జీఎల్-5’ అన్నది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నిర్వచించిన స్థాయి. ‘ఎల్‌ఎస్’కు అలాంటి స్థాయి ఏదీ ఆ సంస్థ ఇవ్వలేదు, అది ఆయిల్ కంపెనీ తన మాటగా చెప్పుకునేదే. అందుకే డబ్బామీది రెండక్షరాలను నమ్మేముందు బండి మాన్యువల్‌లో ఉన్న స్పెసిఫికేషన్ డబ్బా వెనక ఉందో లేదో చదవాలి.

సీసా పద్ధతి గెలిచే సందర్భం కూడా ఉంది. తయారీదారు ఫలానా ఆయిల్‌లో ఫలానా సీసా ఇంత కలపమని స్పష్టంగా రాసి ఉంటే అదే పాటించాలి. మస్టాంగ్‌ల ట్రాక్షన్-లాక్‌కు ఫోర్డ్ చెప్పేది 118 మిల్లీలీటర్ల సీసా. కొండ ఎక్కే పోటీలకో ట్రాక్‌కో బండిని సిద్ధం చేసేవారికి కూడా సీసాయే నయం. వారికి పట్టు ఎక్కువ కావాలి, కొంచెం గడగడ వచ్చినా పర్వాలేదు. రెడ్ లైన్ కంపెనీ ఒకే 75డబ్ల్యూ-90ని మాడిఫయర్‌తో ఒకటి, లేకుండా ‘ఎన్‌ఎస్’ పేరుతో ఒకటి అమ్మడం ఇలాంటివారి కోసమే. ఎన్‌ఎస్ పోసుకుని, అవసరమైనంత వరకే మాడిఫయర్ చేర్చుకుంటూ పోవచ్చు.

రెండో రకంలో ప్లేట్లే ఉండవు. టోర్సెన్, ఈటన్ ట్రూట్రాక్ లాంటి వాటిలో వంకర పళ్ల గేర్లు ఉంటాయి. బరువు పడినప్పుడు అవి గూటి గోడలకు ఒత్తుకుని, ఆ రాపిడితోనే శక్తిని పంచుతాయి. రాపిడే వాటి పనిముట్టు అయినప్పుడు దాన్ని తగ్గించే మాడిఫయర్ పోయడంలో అర్థమేముంది? పళ్లు అరిగిపోవు గాని, పట్టు పలచబడుతుంది. ట్రూట్రాక్‌కు ఈటన్ సిఫారసు చేసేది మినరల్ గేర్ ఆయిల్, అదీ మాడిఫయర్ లేకుండా. సింథటిక్ వద్దని కూడా ఆ కంపెనీయే అంటుంది. ఖరీదైనది ఎప్పుడూ మేలే అనుకునేవారు గమనించాల్సిన మాట ఇది.

మూడో రకం మన రోడ్లమీద ఎక్కువగా తిరిగేది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుతాను. 2020 తరవాతి మహీంద్రా థార్‌లో పై వేరియంట్లు, బొలెరో నియో ఎన్10 ఆప్షనల్, స్కార్పియో-ఎన్ ఫోర్ వీల్ డ్రైవ్ వేరియంట్లలో వచ్చిన మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ సంగతి. చాలామంది దీన్నీ ఎల్‌ఎస్‌డీ అనే పిలుస్తారు. లోపలి తీరు వేరు. రెండు వెనక చక్రాల వేగాల తేడా నిమిషానికి దాదాపు 100 చుట్లు దాటగానే గవర్నర్ బరువులు విచ్చుకుని ఒక కొక్కెంలో తగులుకుంటాయి. దాంతో కామ్ కదిలి ప్లేట్లను నొక్కి, రెండు చక్రాలనూ పూర్తిగా ఒకటి చేసేస్తుంది. బండి గంటకు 30 కిలోమీటర్లు దాటాక అది బిగుసుకోదు. ఇందులోనూ ప్లేట్లు ఉన్నాయి కదా అని మాడిఫయర్ పోస్తే ప్లేట్లు జారి, లాక్ పడటం ఆలస్యమవుతుంది. అమెరికాలో ఇదే రకం ఈటన్ పరికరాన్ని 1970ల నుంచి పికప్‌లలో వాడుతున్న జనరల్ మోటార్స్, ఇందులో లిమిటెడ్ స్లిప్ అడిటివ్ కలపవద్దని తన మెకానిక్‌లకు రాతపూర్వకంగా చెప్పింది. థార్ యజమానికి నేను చెప్పేది కూడా ఇదే: మాన్యువల్‌లో ఉన్న గ్రేడు జీఎల్-5 పోయించుకోండి, ఎల్‌ఎస్ డబ్బా ముట్టుకోకండి. లాక్ పడేటప్పుడు వినిపించే ‘ఠక్’ శబ్దం రోగం కాదు, దానికి మందు వేయాల్సిన పని లేదు.

టయోటా బండ్ల వివరాల్లో కనిపించే ‘ఆటో ఎల్‌ఎస్‌డీ’ వీటిలో దేనికీ చెందదు. అది తిరిగిపోయే చక్రానికి బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు. లోపలుండేది మామూలు డిఫరెన్షియలే, దానికి మాడిఫయర్ అక్కర్లేదు.

చేతులు మారిన బండిలో ఏ రకం ఉందో కాగితాల్లో దొరక్కపోతే ఒక పరీక్ష ఉంది. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగాన్ని స్టాండ్ల మీద ఎత్తి, ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పాలి. రెండోది అదే దిశలో తిరిగితే ప్లేట్ల రకం. వ్యతిరేక దిశలో తిరిగితే మామూలుదో, గేర్ల రకమో, మెకానికల్ లాకో అయ్యుంటుంది. ప్లేట్లు బాగా అరిగిపోయిన ఎల్‌ఎస్‌డీ కూడా వ్యతిరేకంగానే తిరుగుతుంది. కాబట్టి ఈ ఫలితం చూసి వెంటనే డబ్బా కొనేయకుండా యాక్సిల్ మీది ట్యాగు నంబరుతో తయారీదారును అడగడం మంచిది.

ఇక అంకెలు. ఆయిల్ చిక్కదనానికి గ్రేడులు పెట్టే ఎస్‌ఏఈ సంస్థ లెక్కలో ‘డబ్ల్యూ’ ఉన్న అంకె చలికి, దాని తరవాతిది వేడికి. 75డబ్ల్యూ ఆయిల్ మైనస్ 40 డిగ్రీల వరకు, 80డబ్ల్యూ మైనస్ 26 వరకు, 85డబ్ల్యూ మైనస్ 12 వరకు తగినంత పారుతుంది. లంబసింగి చలికి కూడా 85డబ్ల్యూ సరిపోతుంది. లడఖ్ శీతాకాలంలోకి వెళ్లేవారికి తప్ప తెలుగు రాష్ట్రాల్లో 75డబ్ల్యూ కోసం అదనంగా ఖర్చు పెట్టడానికి చలి కారణం కాదు. వేడి మాత్రం కారణం కావచ్చు. 100 డిగ్రీల దగ్గర 90 గ్రేడు ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్, 140 గ్రేడుది 24 నుంచి 32.5. మే నెల ఎండలో ట్రాలీ లాగుతూ ఘాట్ ఎక్కే బండికి, ట్రాక్ మీద తిరిగే కారుకు ఆ చిక్కదనం, సింథటిక్ ఆయిల్ వేడికి చెడకుండా నిలిచే గుణం పనికొస్తాయి. బీఎండబ్ల్యూ తన ఎం కార్ల ప్లేట్ల డిఫరెన్షియల్‌కు మాడిఫయర్ కలిపిన సింథటిక్ 75డబ్ల్యూ-140ని ఎంచుకోవడం ఊరికే కాదు. ఊళ్లో తిరిగే బండిలో అదే 140 పోస్తే ఆయిల్‌ను చిలకడానికే శక్తి ఖర్చవుతుంది. మాన్యువల్ ఒప్పుకోని గ్రేడును ‘చిక్కగా ఉంటే మంచిదే’ అని పోసే అలవాటు మానాలి.

ఆయిల్ మార్చేరోజు బండిని కాసేపు నడిపి వేడి చేయాలి. ముందు పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకుని, ఆ తరవాతే దించే బోల్టు విప్పాలి. అయస్కాంతం ఉన్న బోల్టుకు మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే సహజమే, లోహపు ముక్కలుంటే లోపల చూడాల్సిందే. ఆయిల్ పాలరంగులో ఉంటే నీళ్లు చేరినట్టు, అప్పుడు యాక్సిల్‌లోకి గాలి ఆడనిచ్చే బ్రీదర్ గొట్టాన్ని శుభ్రం చేయించాలి. కొత్త ఆయిల్‌ను పోసే రంధ్రం కింది అంచు దాకా నింపాలి. ప్లేట్ల రకమైతే ఖాళీ మైదానంలో మెల్లగా ఎనిమిది అంకె ఆకారంలో కొన్ని చుట్లు తిప్పితే ఆయిల్ ప్లేట్ల మధ్యకు చేరుతుంది. ఆ తరవాతా గడగడ వస్తే మాడిఫయర్ కొద్దికొద్దిగా చేర్చి చూడాలి, ఒకేసారి సీసా మొత్తం ఒంపకూడదు. ఎక్కువైందంటే మొత్తం ఆయిల్ దించి మళ్లీ కొత్తది పోయడం తప్ప వేరే దారి లేదు.