ఆడపాము జతకు సిద్ధమా? వయసు, బరువు, ఒంటి తీరు: దేని మాట వినాలి

“1500 గ్రాములు దాటింది, ఇక మగపామును కలపవచ్చా?” బాల్ పైథాన్లు (ఇళ్లలో పెంచే చిన్న జాతి కొండచిలువలు) పెంచేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఇదే. కార్న్ స్నేక్ అనే సన్నటి, విషం లేని పామును పెంచేవాళ్లయితే “మూడేళ్లు నిండాయి కదా” అంటారు. వీళ్లు కేలండర్‌ను నమ్ముకుంటే వాళ్లు త్రాసును నమ్ముకుంటారు. నా దగ్గరున్న రెండు ఆడ బాల్ పైథాన్లలో ఈ ఏడాది ఒకదాన్నే జతకు పెట్టాలనుకున్నప్పుడు ఈ లెక్కలన్నీ నేనూ తిరగేయవలసి వచ్చింది. మొదటిది 1620 గ్రాములు, వయసు 20 నెలలు. రెండోది 1480 గ్రాములు, నాలుగేళ్లు. అందరూ చెప్పే హద్దును దాటింది మొదటిదే. నేను మాత్రం రెండోదాన్ని ఎంచుకున్నాను.

వయసు సంగతి ముందు తేల్చేద్దాం. పాముకు ఈడు వచ్చేది తిండిని బట్టి, ఒంటి ఎదుగుదలను బట్టి. ఒకే గూటిలో పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒకటేమో రెండేళ్లకే గుడ్లు కట్టవచ్చు, మరొకటి నాలుగేళ్లకూ కట్టకపోవచ్చు. కాబట్టి “ఇన్నేళ్లు నిండితే చాలు” అనే మాటకు విలువ తక్కువ. కానీ “ఇన్నేళ్లు నిండేదాకా వద్దు” అనే మాటకు విలువ ఉంది. ఎదుగుతున్న పాము తిన్నదాంట్లో చాలా భాగం ఎముకకు, కండకు పోవాలి. ఆ సమయంలోనే గుడ్లు కూడా కట్టవలసి వస్తే రెండింటికీ చాలదు. బాల్ పైథాన్‌కైనా కార్న్ స్నేక్‌కైనా నేను మూడేళ్లలోపు జత మాట తలపెట్టను. తొందరపడేవాళ్ల కోసం ఒక సంగతి: 2020లో అమెరికాలోని సెయింట్ లూయీ జూలో దాదాపు 62 ఏళ్ల బాల్ పైథాన్ ఒకటి ఏడు గుడ్లు పెట్టింది. కనీసం 15 ఏళ్లుగా దాని దగ్గరికి మగపాము రానేలేదు. అంత ఆయుష్షున్న జీవి విషయంలో ఒక ఏడాది ఆగితే కొంప మునిగిపోదు.

బరువు దగ్గరికి వద్దాం. బాల్ పైథాన్‌కు 1500 గ్రాములు, కార్న్ స్నేక్‌కు 300 గ్రాములు అన్న లెక్కలు పెంపకందారుల అనుభవంలోంచి వచ్చినవి. వాటి వెనక కారణం ఉంది. గుడ్డులోని పచ్చసొనకు కావలసిన సరుకులో ఎక్కువ భాగం పాము అప్పటికే ఒంట్లో దాచుకున్న కొవ్వులోంచి వస్తుంది. బాల్ పైథాన్ గుడ్డు ఒక్కోటి 80, 90 గ్రాములు తూగడం మామూలే. అలాంటివి ఐదారు పెడుతుంది. గుడ్లు ఎదిగే రోజుల్లో చాలా పాములు తిండి మానేస్తాయి. గుడ్లు పెట్టాక వాటిని తీయకుండా వదిలేస్తే చుట్టూ చుట్టుకుని రెండు నెలలపాటు దాదాపు పస్తే. ఈ ప్రయాణం ముగిసేసరికి మూడో వంతు బరువు కరిగిపోవడం వింత కాదు. అంత పోయినా నిలబడగలిగే నిల్వ ఉండాలి కాబట్టి తక్కువ బరువు పామును జతకు పెట్టకూడదు. ఇంతవరకు త్రాసు మాట నూటికి నూరుపాళ్లు నిజం.

చిక్కు ఎక్కడంటే, వాపును చూసి బలుపు అనుకునే ప్రమాదం త్రాసుతోనే ఎక్కువ. 1500లో కండ ఎంత, కొవ్వు ఎంత, నిన్న మింగిన ఎలుక ఎంత అన్నది అది చెప్పదు. పెద్ద ఎలుకను మింగించి మర్నాడు తూచి హద్దు దాటిందని సంబరపడినవాళ్లు నాకు తెలుసు. తూచాలంటే తిన్నది అరిగి, విసర్జించాక తూచాలి. అదీ ఒక్కసారి చూసి వదిలేయకుండా నెలనెలా రాసుకోవాలి. ఆ బరువు ఎన్ని నెలల్లో వచ్చిందన్నది బరువుకన్నా ముఖ్యం. నా దగ్గరున్న 20 నెలల పాముకు పాత యజమాని ఐదు రోజులకొక ఎలుక చొప్పున పెట్టాడట. అది గర్వంగానే చెప్పాడు.

నా దృష్టిలో అసలు తీర్పు చెప్పేది ఒంటి తీరు. దానికి పరికరం అక్కరలేదు. బొటనవేలిని, చూపుడువేలిని వదులుగా ఉంగరంలా చుట్టి పామును వాటి మధ్య నుంచి దాని ఇష్టంకొద్దీ సాగనివ్వాలి. నొక్కకూడదు. వెన్నుపూసలు గతుకుల్లా ఒక్కొక్కటీ తగులుతూ, ఒళ్లు ఇంటి కప్పులా రెండు వైపులకూ జారుతున్నట్టుంటే పాము చిక్కినట్టు. వెన్ను ఉన్నట్టు తెలుస్తూనే దానికి రెండు పక్కలా కండ గుండ్రంగా, బిగువుగా తగిలితే బాగున్నట్టు. వెన్ను ఉండవలసిన చోట గాడి పడి, ఒళ్లు వంచినప్పుడు పక్కన మడతలు పడి, కడుపు ఖాళీగా ఉన్నా పొలుసుల మధ్య చర్మం కనిపిస్తుంటే అది కొవ్వు. మలద్వారానికి కాస్త ముందు, ఒంటి చివరి భాగాన్ని తప్పకుండా చూడాలి. కొవ్వు అక్కడే మెత్తటి దిండ్లలా పేరుకుంటుంది. చివరగా, చేతిమీదికి ఎక్కించుకుని దాని పట్టు చూడాలి. నా నాలుగేళ్లది మణికట్టుకు చుట్టుకుంటే వేళ్లు బిగుసుకుపోతాయి. 20 నెలలది తడి తువ్వాలులా వేలాడుతుంది.

ఆ పట్టు ఎందుకంత ముఖ్యమో ఒక కార్న్ స్నేక్ నాకు నేర్పింది. అప్పట్లో నేనూ త్రాసు భక్తుణ్ణే. 320 గ్రాములు తూగిందని రెండేళ్లు నిండకుండానే జత కట్టించాను. తొమ్మిది గుడ్లు సులువుగా పెట్టింది. చివరి రెండు కదలలేదు. రెండు రోజులు ఆగి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే, సూది గుచ్చి గుడ్డులోని ద్రవం లాగేసి, అది కుంచించుకుపోయాక బయటికి తీశారు. గుడ్లు బయటికి తోయించడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ తాబేళ్లలో పనిచేసినంత బాగా పాముల్లో పనిచేయదని ఆ రోజే తెలిసింది. గుడ్లను తోసేది కండ. దానికి ఉన్నదల్లా కొవ్వు. గుడ్లు పెట్టుకునే పెట్టె ఆలస్యంగా అమర్చిన తప్పు కూడా నాదే, కాబట్టి నేరమంతా కొవ్వుమీదికి నెట్టను. పాము బతికింది. మళ్లీ దాన్ని జతకు పెట్టలేదు.

అడవి పాములూ ఈ లెక్కనే పాటిస్తాయి. ఫ్రాన్స్‌లో ఆస్ప్ వైపర్ అనే విషసర్పాన్ని పరిశీలించినవారు, ఆడపాము పొడవుకు తగ్గ ఒళ్లు ఒక హద్దు దాటితే తప్ప ఆ ఏడాది పచ్చసొన కట్టడం మొదలుపెట్టదని గమనించారు. ఆ ఒళ్లు మళ్లీ పట్టేదాకా అది ఒకటి రెండేళ్లు కాన్పు మాట ఎత్తకుండా ఊరుకుంటుంది. ఆకలిదప్పుల మధ్య బతికే ఆ పామును శరీరమే ఆపుతుంది. ఎలుకలకు కొదవలేని మన గాజు పెట్టెలో దాన్ని ఆపేవారు లేరు. అందుకే బాగా మేపిన కార్న్ స్నేక్ మగపాము నీడ సోకకుండానే ఉత్తుత్తి గుడ్లు పెట్టేయగలదు.

అల్ట్రాసౌండ్ చేయిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. అండపుటికలు (గుడ్లుగా ఎదిగే బుడిపెలు) ఎంత ఎదిగాయో అందులో కనిపిస్తుంది కాబట్టి మగపామును ఏ వారం కలపాలో తేల్చుకోవడానికి మంచిదే. కానీ లావెక్కిన పిల్లపాములోనూ అవి చక్కగా ఎదుగుతాయి. ఇది మొదటి ప్రశ్న తేలాక వేసుకోవలసిన రెండో ప్రశ్న. చేతితో తడిమి అండాలు లెక్కపెట్టే పద్ధతి అలవాటు లేనివాళ్లకు వద్దు.

పొడవు కొలవడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నిలకడగా ఉండని జంతువు పక్కన టేపు పట్టుకోవడం నాకు చేతకాదు. బోవా జాతి పాములు గుడ్లు కాక పిల్లలనే పెడతాయి, నెలల తరబడి మోస్తాయి కాబట్టి వాటికి వయసు హద్దు ఇంకో ఏడాది పెంచి, మిగతాదంతా ఇలాగే చూస్తాను.

నాలుగేళ్ల పాము ఐదు గుడ్లు పెట్టింది. పెట్టిన రోజు 1010 గ్రాములు తూగింది. గుడ్లను వేరే పెట్టెలోకి మార్చి, వాటి వాసన పోయేలా దాని పెట్టెను, ఒంటిని గోరువెచ్చని నీటితో కడిగాను. పదకొండో రోజున చిన్న ఎలుకను తీసుకుంది. మళ్లీ 1450కి చేరడానికి ఏడు నెలలు పట్టింది. వచ్చే విడత దానికి సెలవే. మొదటిదానికి ఇప్పుడు మూడు వారాలకొక ఎలుక. బరువు 1540కి దిగింది, వెన్ను మీది గాడి పూడుతోంది. మొన్న పెట్టె శుభ్రం చేస్తుంటే మొదటిసారిగా నా మణికట్టును గట్టిగా పట్టుకుంది.