ఒకే మైకు, రెండు దారులు: డిజిటల్ మిక్సర్‌తో నాలుగేళ్లు

మైకుల శబ్దాన్ని కలిపి సర్దే ఈ 32 ఛానళ్ల డిజిటల్ మిక్సర్‌లో ఎన్ని ఎఫెక్టులున్నాయో, స్క్రీను ఎంత పెద్దదో అందరికీ తెలిసిందే. నాలుగేళ్లుగా నెల్లూరు, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల పద్యనాటకాలకూ భజనలకూ దీన్నే మోసుకెళ్తున్నాను. దీనిమీద నాకున్న ప్రేమకు కారణం ఒక్కటే. ఒక మైకును రెండు ఛానళ్లకు ప్యాచ్ చేయనిస్తుంది, అంటే ఒకే మైకు శబ్దాన్ని విడివిడిగా సర్దుకునే రెండు దారుల్లోకి పంపనిస్తుంది.

పద్యనాటకాలకు మైకు పెట్టినవారికి ఈ బాధ తెలుసు. ఆరుబయట చివరి వరుసకు మాట స్పష్టంగా అందాలంటే గొంతుకు నిండుదనమిచ్చే 250, 300 హెర్ట్జ్ ప్రాంతాన్ని కాస్త తగ్గించాలి. నా పాత అనలాగ్ మిక్సర్‌లో ఆ తగ్గింపు నటుడు తన గొంతు తాను వినడానికి ముందు పెట్టే స్పీకరుకూ, అంటే మానిటర్‌కూ చేరేది. తన గొంతు తనకే పీలగా వినబడి ఆయన ఇంకా బలంగా పాడేవారు. తెల్లవారేసరికి గొంతు బొంగురుపోయేది. ఇప్పుడు అదే మైకు 1వ ఛానల్ ద్వారా జనంలోకి, 17వ ఛానల్ ద్వారా మానిటర్‌లోకి వెళ్తుంది. మొదటిదానికి శబ్దంలో హెచ్చుతగ్గుల్ని తగ్గించే కంప్రెసర్ ఉంటుంది, రెండోదానికి ఉండదు. రెండోదాంట్లో మానిటర్ శబ్దం మళ్లీ మైకులో పడి కూత పెట్టే స్థాయిని మాత్రం తగ్గించి, గొంతులోని నిండుదనాన్ని అలాగే వదిలేస్తాను.

దీన్ని గొప్పగా చెప్పుకుంటున్న రోజుల్లోనే, పెన్న ఒడ్డున ఒక ఊళ్లో దెబ్బ తగిలింది. రాయబారం నడుస్తోంది. కృష్ణ పాత్రధారి మైకుకు రెండడుగులు వెనక్కి జరిగి సన్నగా ఆలాపన అందుకున్నారు. వెనక నుంచి ‘వినబడటం లేదు’ అని కేకలు. 1వ ఛానల్ గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే శబ్దం బలం, పెంచాను. మరుక్షణం మానిటర్ కీచుమంది. ఆయన చెవి మూసుకుని ఆగిపోయారు. హార్మోనియం ఒక్కటే సాగుతోంది. 17వ ఛానల్ శబ్దం హెచ్చుతగ్గులు చేసే జారుడు మీట, అంటే ఫేడర్, దించేసరికి మూడు నాలుగు సెకన్లు పట్టింది. నాకది ఒక అంకమంత అనిపించింది.

ఛానళ్లు రెండైనా మైకు శబ్దాన్ని మొదట పెంచే ప్రీఆంప్ ఒక్కటే. గెయిన్ పెంచేది శబ్దం అంకెలుగా మారకముందు. అక్కడ పెంచితే రెండు దారుల్లోనూ పెరుగుతుంది. ఆ రోజు నేను వాటిని రెండు మైకులుగా ఊహించుకున్నాను. తప్పు నాదే. అయినా ఈ రెండూ ఒకే ఇన్‌పుట్ నుంచి వస్తున్నాయని గెయిన్ మీట పక్కన చిన్న గుర్తు పెట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఇప్పుడు నాటకం మొదలైతే గెయిన్ ముట్టుకోను. అంకెలుగా మారాక శబ్దాన్ని సర్దే డిజిటల్ ట్రిమ్‌తోనో ఫేడర్‌తోనో సర్దుతాను; అవి ఆ ఒక్క ఛానల్‌కే పరిమితం.

అన్ని మైకులకూ ఇలాగే చేయమని మొదట్లో మిత్రులకు చెప్పాను. ఇప్పుడు చెప్పను. ప్రతి జంటా రెండు ఛానళ్లు తినేస్తుంది. మ్యూట్ చేస్తే రెండూ చేయాలి. పొరపాటున రెండో ప్రతి కూడా జనం వైపున్న మెయిన్ బాక్సుల్లోకి వెళ్లి, ఒకదానికి ఎఫెక్టు వల్ల కాస్త ఆలస్యం తోడైతే గొంతు గొట్టంలోంచి వచ్చినట్టు డొల్లగా వినబడుతుంది. అందుకే వేదిక ముందు నిలబెట్టే మూడు మైకులకే దీన్ని ఉంచుకున్నాను. హార్మోనియం, తబలా మామూలుగానే వస్తాయి.

జనానికీ వేదికకూ శబ్దం చూసేది నేనొక్కడినే కాబట్టి నాకిది అవసరం. మానిటర్లకు వేరే మిక్సర్, వేరే మనిషి ఉన్నవారికి దీనితో పని పడకపోవచ్చు. నాలుగు మైకుల పెళ్లికి నేనూ పాత అనలాగ్‌నే తీసుకెళ్తాను. ఆ కృష్ణ పాత్రధారి మాత్రం ఇప్పటికీ నాటకం ఒప్పుకునే ముందు మైకు సెట్టు మాదేనా అని అడుగుతారు.